మూడు ఫైనళ్లు, మూడు గోళ్లు

మా వీధిలో పాకిస్తాన్ జట్టుగా ఆడడానికి ఎవడూ ఒప్పుకునేవాడు కాదు. బొమ్మా బొరుసూ వేసి, ఓడినవాళ్లే పాకిస్తాన్ అని తేల్చుకుంటే గానీ ఆట మొదలయ్యేది కాదు. తీరా మొదలయ్యాక ఇంకో విచిత్రం. పాకిస్తాన్ అనగానే మొహం మాడ్చుకున్నవాడే, ఎడమ పక్కన బంతి దొరికితే చాలు, ‘నేను సమీవుల్లా రేయ్’ అని అరుచుకుంటూ పరుగు తీసేవాడు. ఆ జట్టు అక్కర్లేదు, ఆ ఆటగాడు మాత్రం కావాలి. సమీవుల్లాను మాలో ఒక్కడూ చూసిన పాపాన పోలేదు. అతనికి ‘ఫ్లయింగ్ హార్స్’ అని పేరుందని, లెఫ్ట్ వింగ్‌లో అతను దూసుకొస్తే పట్టడం ఎవరి తరమూ కాదని రేడియో చెప్పేది. రేడియో చెప్పింది మాకు సైకిల్ షాపు మామ చెప్పేవాడు.

ఇదంతా హిందూపురంలో, 1970ల మాట. చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయల బస్తాలు దిగే వీధులకు కాస్త వెనకగా మా అద్దె ఇల్లు. నాన్న రైల్వేలో గుమాస్తా. అంతకుముందు పెనుకొండలో చేశాడు. సొంత ఊరు ధర్మవరం, చిన్నాయన అక్కడే మగ్గం నేసేవాడు. అట్లా నా చిన్నతనం ఈ మూడు స్టేషన్ల మధ్య ప్యాసింజరు బండిలో అటూ ఇటూ తిరుగుతూ గడిచింది. నాన్నకు పాసు ఉండేది గనుక టికెట్ బెంగ లేదు.

హాకీ కట్టె కొనిచ్చే స్తోమత మాలో ఎవరింట్లోనూ లేదు. చింతచెట్టుకో కానుగచెట్టుకో కింద కొస వంపు తిరిగిన కొమ్మ ఎక్కడుందో వెతకడమే మాకు సగం ఆట. దొరికిందాన్ని పచ్చిగా ఉన్నప్పుడే నిప్పుల మీద కాచి, రాయి బరువు పెట్టి ఇంకొంచెం వంచేవాళ్లం. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు పగిలేది. అసలైన కట్టె మల్బరీ చెక్కతో చేస్తారని మామ చెప్పినప్పుడు మేం నమ్మలేదు. మా చుట్టుపక్కల పల్లెల్లో ఎటు చూసినా మల్బరీ తోటలే, పట్టుపురుగుల మేతకు. కానీ అవి ఎప్పటికప్పుడు కోసి చిగురు పెట్టించే పొదలు. వేలంత లావు పుల్ల తప్ప రాదు. పంజాబులో అదే మల్బరీని చెట్టుగా ఎదగనిస్తారట. సియాల్‌కోట్‌లో కట్టెలు చేసిన పనివాళ్లు చాలామంది దేశవిభజనప్పుడు జలంధర్ వచ్చి స్థిరపడ్డారు. ఆ తర్వాత రెండు జట్ల చేతుల్లోనూ ఉన్నది ఒకే ఊరి పనితనం. మా ఆకేమో పురుగు తిని, గూడు కట్టి, ధర్మవరం చేరి చీర అయ్యేది.

మామ అని పిలిచేవాళ్లం గానీ మాకు చుట్టం కాదు, ముస్లిం. మా వీధిలో వరసలకు అది అడ్డొచ్చేది కాదు. నాన్న ఆయన్ని ‘బావా’ అనేవాడు, ఆయన మా అమ్మను ‘చెల్లెమ్మా’ అనేవాడు. వయసులో ఉన్నప్పుడు బెంగళూరు దండులో ఒక సైకిల్ షాపులో పనిచేశాడు. అక్కడ మిలిటరీ జట్ల హాకీ చూసి చూసి ఆ పిచ్చి అంటుకుంది. హిందూపురం వచ్చి సొంత షాపు పెట్టుకున్నాక ఆట పోయి రేడియో మిగిలింది. చెక్క పెట్టె మర్ఫీ రేడియో. పంక్చర్లు చూసే నీళ్ల తొట్టికి ఆమడ దూరంలో, గోడకు కొట్టిన బల్ల మీద ఉండేది. దాని మీద గుడ్డ కప్పి, కామెంటరీ ఉన్నరోజు మాత్రమే తీసేవాడు. మా బంతి కూడా ఆ షాపు సరుకే: గుడ్డపీలికలు ఉండచుట్టి, పాత ట్యూబును ఉంగరాల్లాగా కత్తిరించి చుట్టూ ఒకదాని మీద ఒకటి బిగించేవాళ్లం. 

చరిత్ర పుస్తకంలో లేని చరిత్ర మాకు ఆయనే చెప్పాడు. 1936లో బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్‌తో కలిసి మన జట్టుకు ఆడి బంగారు పతకం తెచ్చిన అలీ ఇఖ్తిదార్ షా దారా, 1948లో లండన్ ఒలింపిక్స్‌కు పాకిస్తాన్ కెప్టెన్‌గా వెళ్లాడు. అదే లండన్‌లో మన జట్టుకు ఆడిన లతీఫుర్ రెహ్మాన్, అఖ్తర్ హుస్సేన్ 1956లో మెల్‌బోర్న్‌లో పాకిస్తాన్ జట్టులో ఉన్నారు. పేపర్లవాళ్లు ఈ మ్యాచ్‌లను దాయాదుల పోరు అని రాస్తుంటే అరిగిపోయిన మాట అనిపిస్తుంది గానీ, మొదట్లో అది అక్షరాలా నిజం. పొత్తులో ఉన్న ఇల్లు చీలి, పెరట్లో గోడ లేచాక ఆడిన ఆట.

‘మూడు ఫైనళ్లు, మూడు గోళ్లు. అంతే రా’ అనేవాడు మామ, వేళ్లు చూపించి. 1956 మెల్‌బోర్న్‌లో రణధీర్ సింగ్ జెంటిల్ కొట్టిన ఒక్క గోల్‌తో మనం గెలిచాం. 1960లో రోమ్‌లో నసీర్ బుందా కొట్టిన ఒక్క గోల్‌తో వాళ్లు గెలిచారు. 1928 నుంచి వరసగా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన జట్టు అప్పుడు మొదటిసారి ఓడింది. 1964లో టోక్యోలో మొహిందర్ లాల్ ఒక్క గోల్‌తో మళ్లీ మనం. ఈ పేర్లు మాకు ఎక్కాలకంటే బాగా వచ్చేవి. రోమ్ సంగతి చెప్పేటప్పుడు మాత్రం మామ గొంతు తగ్గించేవాడు, ఇంట్లో జరిగిన చావు గురించి చెప్తున్నంతగా.

1975 మార్చి. నేను ఐదో తరగతి. కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్. సెమీఫైనల్లో మలేసియా మీద ఆట ముగియడానికి కొద్ది నిమిషాలుండగా వెనకబడి ఉన్నాం. అప్పుడు దిగిన అస్లం షేర్ ఖాన్ పెనాల్టీ కార్నర్ కొట్టి సమం చేశాడు. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గెలిపించాడు. కొట్టేముందు అస్లం మెడలోని తాయత్తుకు ముద్దు పెట్టుకున్నాడని తర్వాత ఎవరో చదివి చెప్తే, మా జట్టులో సగంమంది మెడల్లోకి దారాలు ఎక్కాయి. ఆంజనేయస్వామి బిళ్లలు కొందరికి, పెనుకొండ బాబయ్య దర్గా తాయత్తులు కొందరికి. ఏ దారం ఎవరి మెడలో ఉండాలన్న లెక్క మాకు తెలీదు.

ఫైనల్ మార్చి 15న, పాకిస్తాన్‌తోనే. షాపు ముందు పిల్లలం కింద కూర్చున్నాం, పెద్దవాళ్లు అద్దె సైకిళ్ల క్యారియర్ల మీద. కామెంటరీ హిందీలో. జస్‌దేవ్ సింగ్ గొంతు. బంతి కంటే ఆ గొంతే వేగంగా పరుగెత్తేది. మాలో హిందీ సరిగ్గా తెలిసినవాడు మామ ఒక్కడే. ఆయన విని, మింగి, తెలుగులో మాకు వదిలేవాడు. ఈ మధ్యలో మా ప్రాణాలు గాల్లో ఉండేవి. ‘గోల్’ అన్న మాట మాకూ తెలుసు. ఎవరు కొట్టారన్నదే తెలీదు. జాహిద్ షేక్ మొదటి గోల్ కొట్టినప్పుడు మేం ఎగిరి గంతులేశాం. మామ చెయ్యెత్తి, ‘కూసోండ్రా, అది వాళ్లది’ అన్నాడు.

రెండో సగంలో సుర్జిత్ సింగ్ పెనాల్టీ కార్నర్‌తో సమం చేశాడు. ఆ తర్వాత కాసేపటికి అశోక్ కుమార్ గోల్. ధ్యాన్‌చంద్ కొడుకు. బంతి గోల్‌పోస్టు లోపలి మూలకు తగిలి, మళ్లీ బయటికొచ్చింది. లోపలికి పోయిందా లేదా అని పాకిస్తాన్ ఆటగాళ్లు అంపైర్ చుట్టూ మూగారు. రేడియోలో ఒకటే గోల. మామ చెవి రేడియోకు ఆనించి, ఎడమచేయి మా వైపు చాచి ఆపాడు. ఆ అరచేతికి ఉన్న గ్రీజు మరక నాకిప్పటికీ కనిపిస్తుంది. పైకి లేచి, తెలుగు మరచిపోయి, ‘దియా రే! గోల్ దియా!’ అని అరిచాడు. గోల్ ఇచ్చారని మాకు ఎవరూ తర్జుమా చెయ్యనక్కర్లేకపోయింది. 2-1. ప్రపంచ కప్ హాకీలో మనం గెలిచింది అదొక్కటే, ఈరోజు వరకూ. ఆ సాయంత్రం సైకిళ్లు అద్దె లేకుండా తొక్కుకోమన్నాడు. నేను పెడల్ అందక, కడ్డీ కింద కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కుతూ రైల్వే గేటు దాకా పోయొచ్చాను.

మరుసటి సంవత్సరం మాంట్రియల్ ఒలింపిక్స్. మొదటిసారి గడ్డి మీద కాకుండా సింథటిక్ తివాచీ లాంటి దాని మీద ఆడించారు. మనం ఏడో స్థానంలో పడ్డాం. 1928 తర్వాత ఒలింపిక్స్‌ నుంచి హాకీ పతకం లేకుండా తిరిగి రావడం అదే మొదలు. పాకిస్తాన్‌కు కంచు పతకం దక్కింది. అన్నట్టు ఆ మాంట్రియల్లో హాకీ అంటే మంచుగడ్డ మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని ఆడేది. అక్కడి కెనడియన్స్ జట్టుకూ టొరంటో మేపుల్ లీఫ్స్‌కూ 1917 నాటి నుంచీ పగ. ఫ్రెంచి మాట్లాడేవాళ్లు ఒకవైపు, ఇంగ్లీషు వాళ్లు ఒకవైపు. టొరంటోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఆ మ్యాచ్‌ల గురించి ఫోన్లో ఊపిరాడకుండా చెప్తుంటాడు. ఒకే దేశంలో, ఒకే పాస్‌పోర్టుతో కూడా ఇంత వైరం పెంచుకోవచ్చని వాణ్ణి చూశాకే నాకు తెలిసింది.

మా సొంత వైరం ధర్మవరంతో. చిన్నాయన కొడుకు నాకంటే ఏడాది చిన్న. వాడికీ ఒక జట్టుంది. హిందూపురం మీద ఆడాలని ఉబలాటం. రెండు ఊళ్లకూ దాదాపు నడిమధ్య పెనుకొండ. బాబయ్య గంధానికి ఏటా మా రెండు కుటుంబాలూ అక్కడికి పోయేవి. దర్గా దగ్గర ఫాతెహా చదివించి, చక్కెర పంచి, పెద్దవాళ్లు చెట్టు నీడకు చేరగానే మాకు మూడు గంటలు దొరికేవి. అటూ ఇటూ నలుగురైదుగురు సొంత జట్టువాళ్లు, మిగతా ఖాళీల్లో పెనుకొండ పిల్లల్ని నింపుకునేవాళ్లం.

పెనుకొండలో ఎక్కడ చూసినా రాళ్లే. తళ్లికోట యుద్ధంలో ఓడాక, 1565 తర్వాత విజయనగర రాజులు వచ్చి తలదాచుకున్న కోట అది. కొండ కింద చదునుగా కనిపించిన చోట నాలుగు రాళ్లు గోల్‌పోస్టులుగా పెడితే మైదానం అయిపోయేది. ఒక ఏడు ధర్మవరం వైపు గోల్‌కీపర్‌గా ఆ తమ్ముడే నిలబడ్డాడు. వాడి మోకాళ్ల కింద కట్టుకున్న ప్యాడ్లు చూసి నాకు నవ్వాగలేదు. మగ్గం మీద అంచు డిజైన్ ఎత్తే జకార్డు అట్టలు! పాతబడి పక్కన పడేసిన చిల్లుల అట్టల్ని పొరలుపొరలుగా పేర్చి, జరీ చుట్టొచ్చిన దారంతో కాళ్లకు చుట్టుకున్నాడు. హంసల అంచుదో, మామిడిపిందెల అంచుదో ఆ అట్టలకు బంతి తగిలినప్పుడల్లా టప్‌మని మోగేది. తర్వాత ఈ సంగతి తెలిసి చిన్నాయన వాడి వీపు మోగించాడు.

చివర్లో నేను కొట్టిన బంతి కుడిపక్క రాయి లోపలి అంచుకు తగిలి, వెనక్కి దొర్లింది. నేను గోల్ అన్నాను. వాడు కాదన్నాడు.

‘అశోక్ కుమార్ గోలు గూడ ఇట్లనే గదరా! రాయికి తగిలి బయటికొచ్చింది.’

‘ఆడ అంపైరు ఇచ్చినాడు న్నా. ఈడ ఎవురిచ్చినారు?’

పక్కనే తట్టలో బొరుగులూ బత్తాసులూ పెట్టుకుని ముసలాయన ఒకాయన కూర్చున్నాడు. ఇద్దరం ఆయన దగ్గరికి పోయాం. ‘నేను సూడలే నాయనా, నా తట్ట మింద పడకుండా ఆడుకోండి’ అన్నాడు. ఆ కేసు అట్లాగే వాయిదా పడింది. పెద్దవాళ్లు బండి టైమయిందని కేకలేశారు. వాళ్ల బండి ఉత్తరానికి, మాది దక్షిణానికి. ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు ‘గోలే’, ‘కాదే’ అని అరుచుకుంటూనే ఉన్నాం.

1980లో మాస్కోలో స్పెయిన్ మీద 4-3తో మళ్లీ స్వర్ణం వచ్చింది. పాకిస్తాన్ ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించింది గనుక మామకు పెద్ద సంబరం లేదు. ‘వాళ్లు లేని పతకం సగం పతకమే’ అని పంక్చరు వేసుకుంటూ కూర్చున్నాడు. అది కాస్త అన్యాయమే. ఆ ఫైనల్ ఆడిన కుర్రాళ్లు పాకిస్తాన్‌ను రావొద్దన్నారా?

1982 నాటికి నేను కాలేజీలో. బోర్డు మీద అక్షరాలు అలికినట్టు కనిపిస్తుంటే కళ్లద్దాల కోసం బెంగళూరు పంపారు. గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా బస్సు. రాజాజీనగర్‌లో అమ్మ తరఫు బంధువుల ఇల్లు, వాళ్ల పక్కింట్లో టీవీ. డిసెంబరు 1, ఢిల్లీ ఏషియాడ్ హాకీ ఫైనల్. ఇన్నేళ్లూ చెవులతో విన్న ఆటను మొదటిసారి కళ్లతో చూడబోతున్నాను, అదీ కొత్త కళ్లద్దాలతో. ఆ ఇంటి హాల్లో ముప్పైమంది దాకా ఉన్నాం. స్టేడియంలో ఇందిరా గాంధీ కూర్చుని ఉంది. మొదటి గోల్ మనవాళ్లదే. ఇంటాయన బాదుషాలు తెప్పిస్తానన్నాడు.

ఆ తర్వాత జరిగింది దేశానికంతా తెలుసు. కలీముల్లా కుడి నుంచి, సమీవుల్లా ఎడమ నుంచి, మధ్యలో హసన్ సర్దార్, హనీఫ్ ఖాన్. రేడియోలో విన్నప్పుడు నేను ఊహించుకున్న సమీవుల్లా కంటే తెర మీది సమీవుల్లా వేగంగా ఉన్నాడు. అది ఒప్పుకోవడానికి సిగ్గేసింది. మన గోల్‌కీపర్ మీర్ రంజన్ నెగీ ముందుకొస్తాడు, బంతి పక్కనుంచి పోతుంది. మళ్లీ వస్తాడు, మళ్లీ పోతుంది. ఏడు. 7-1. అయిదో గోల్ తర్వాత ఎవరో లేచి టీవీ కట్టెయ్యమన్నారు, ఇంటాయన కట్టెయ్యలేదు. బాదుషాలు రాలేదు.

రెండు రోజులకు హిందూపురం వచ్చి, బస్సు దిగి తిన్నగా షాపుకు పోయాను. ఊరంతా ఒకటే మాట, నెగీ అమ్ముడుపోయాడని. మామ షాపులోనే కామెంటరీ విన్నాడు. ఆ రాత్రి ఎవడో కస్టమరు సైకిల్ అప్పజెప్పడానికొచ్చి, ‘ఏం భాయ్, మిఠాయి పంచుతావా?’ అన్నాడట. ఈ సంగతి షాపులో పనిచేసే కుర్రాడు నా చెవిలో చెప్పాడు. మామ తిరిగి ఒకటే అడిగాడట: ‘మన కెప్టెను పేరేమి?’ జఫర్ ఇక్బాల్. వచ్చినవాడికి ఆ పేరు తెలియనే తెలియదు.

నాతో ఆ ఊసే ఎత్తలేదు. స్టూలు లాగి కూర్చోమని, ‘నువ్వు సూసినావు గదా, సెప్పు’ అన్నాడు. నేను చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కో గోల్‌కూ ఆపి ప్రశ్నలు వేశాడు. నెగీ ఎంత దూరం వచ్చినాడు? బ్యాకులు యాడుండారు? హాఫ్‌లైన్‌లో ఎవడూ పట్టలేదా? నేల మీద రెంచీలు, స్పానర్లు పేర్చి జట్టు నిలబెట్టాడు. నేను వాటిని అటూ ఇటూ జరిపి చూపించాను. ఏడో గోల్ దాకా విని, రెంచీలు ఏరి డబ్బాలో వేస్తూ, ‘ఏడు బంతులు వాని దాకా ఎట్ల వచ్చినాయి రా? ముందర పదిమంది ఏం చేస్తాండ్రి?’ అన్నాడు. ఆ నెలలో ఈ ప్రశ్న అడిగిన మనిషి నాకు ఇంకొకడు తగల్లేదు.

నెగీని చాలా ఏళ్లు ద్రోహి అనే పిలిచారు. 1998లో బ్యాంకాక్ ఏషియాడ్‌లో ధన్‌రాజ్ పిళ్లై జట్టు స్వర్ణం గెలిచినప్పుడు గోల్‌కీపింగ్ కోచ్ ఆయనే. 2002లో మాంచెస్టర్‌లో అమ్మాయిల జట్టు కామన్‌వెల్త్ స్వర్ణం గెలిచినప్పుడూ కోచింగ్ బృందంలో ఉన్నాడు. 2007లో వచ్చిన ‘చక్ దే ఇండియా’ ఆయన కథేనని చాలామంది అనుకున్నారు. సినిమాలో ఆ పాత్ర పేరు కబీర్ ఖాన్. పేరు అట్లా ఎందుకు పెట్టారో మామకైతే విడమరిచి చెప్పే పని ఉండేది కాదు. అప్పటికి ఆయన లేడు.

ఏషియాడ్ అయిన ఏడు నెలలకే కపిల్ దేవ్ లార్డ్స్‌లో కప్పు ఎత్తాడు. మా వీధి పిల్లలు బ్యాట్లు చెక్కుకోవడం మొదలుపెట్టారు. బ్యాటుకు వంపు కొమ్మ అక్కర్లేదు, ఏ చెక్కపేడైనా చాలు. 7-1 వల్లే హాకీ చచ్చిపోయిందని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తివాచీ మైదానాలు వేయించడానికి మన ఊళ్లలో డబ్బులేదు, రాళ్ల మీద ఆడి నేర్చిన ఆట వాటి మీద పనికిరాలేదు. ఆ దెబ్బ మాంట్రియల్‌లోనే పడింది. పాకిస్తాన్‌నూ అవే తిప్పలు చివరికి తినేశాయి. 2016, 2020, 2024 మూడు ఒలింపిక్స్‌కూ వాళ్లు అర్హతే సాధించలేదు. మనం టోక్యోలో, పారిస్‌లో కంచు పతకాలు తెచ్చుకున్నాం.

2023 సెప్టెంబరు 30న హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో పాకిస్తాన్‌ను 10-2తో ఓడించాం. హర్మన్‌ప్రీత్ సింగ్ ఒక్కడే నాలుగు కొట్టాడు. సెల్‌ఫోన్‌లో చూసి, ఉండబట్టలేక వెంటనే ధర్మవరం ఫోన్ చేశాను. తమ్ముడు ఇప్పుడు మగ్గం మానేసి చీరల షాపు నడుపుతున్నాడు.

‘పది కొట్టినాం రా పాకిస్తాన్ మీద!’

‘పది వికెట్లా? ఈరోజు మ్యాచ్ యాడుండాది న్నా?’

‘హాకీ రా!’

‘ఓ, హాకీనా.’ ఒక నిమిషం ఎవరికో చీర మడత విప్పమని చెప్పి మళ్లీ లైన్లోకి వచ్చాడు. ‘ఏడు-ఒకటి బాకీ తీరినట్టే అయితే.’

‘తీరింది. పెనుకొండలో నా గోలు బాకీ నువ్వే తీర్చాల.’

‘అది గోలు కాదు లే న్నా’ అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. ‘పాప పెండ్లికి చీరలు మా దగ్గర్నే గదా? దసరా లోపల రాండి, మళ్ల రేట్లు పెరుగుతాయి.’